వేదిక మీద నాలుగో కుర్చీ

గుంటూరులో మిర్చి ఘాటునైనా తప్పించుకోవచ్చు, ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సరి. శాలువాను తప్పించుకోవడం మాత్రం కష్టం. నలుగురు చేరి ఒక సంఘం పెట్టుకున్నారంటే ఐదోవాడికి సన్మానం జరిగి తీరాలి. అలాంటి ఊళ్ళో శాలువాలు లేని సంఘాన్ని నడిపి చూపిస్తానని పట్టుబట్టినవాడు షేక్ ఆదాం.

ఆదాం పండితుడు కాడు, నాయకుడూ కాడు. నల్లపాడు దారిలో వరసగా కనిపించే కోల్డ్ స్టోరేజీల్లో ఒకదానిలో ప్లాంటు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. మంచి ధర కోసం దాచిన మిర్చి బస్తాలు అక్కడి చలిలో నెలల తరబడి నిద్రపోతుంటాయి. ఆ నిద్ర చెడకుండా చూడటం అతని ఉద్యోగం. కంప్రెసర్ చప్పుడు విని దాని ఒంట్లో నలత కనిపెట్టేవాడు. ఆ చప్పుడు దగ్గరే అతని జుట్టు నెరిసింది, చెవులు కొంచెం మందగించాయి.

శీతల యంత్ర నిపుణుల సంఘానికి రాష్ట్రమంతా శాఖలున్నాయి. గుంటూరు శాఖలో ఏసీ మెకానిక్కులూ ప్లాంటు ఆపరేటర్లూ, కాలేజీల్లో ఆ పాఠం చెప్పే ఇద్దరు ముగ్గురు లెక్చరర్లూ సభ్యులు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఏడాదికోసారి మారతారు. ఎవరికీ జీతం లేదు. జీతం లేదు కాబట్టి పూర్వం ఆ బాకీని అందరూ వేదిక మీద కూర్చుని వసూలు చేసుకునేవారు.

అప్పటి వార్షిక సభ ఒకటి ఆదాంకు బాగా గుర్తు. వేదిక మీద కుర్చీలు చాలక కింది వరసలవి పైకెక్కించారు. మాజీ అధ్యక్షులు, వారికి ముందటి మాజీలు, గౌరవ సలహాదారులు, సలహా అడిగితే గౌరవం తగ్గుతుందనుకునేవాళ్ళు, అందరూ పైనే. ఒక్కొక్కరికీ శాలువా, ఒక్కొక్కరి నోటా 'రెండే రెండు ముక్కలు'. ప్లాంటులో చలి పుట్టించే అమోనియా గ్యాసు లీకైనప్పుడు ఏం చెయ్యాలో చెప్పడానికి విశాఖ నుంచి వచ్చిన ఇంజనీరు వంతు వచ్చేసరికి హాలు వెనక బిర్యానీ గిన్నె మూత తీశారు. 'క్లుప్తంగా' అని ఆయన చేతికి ఒక చీటీ అందింది. ఆయన క్లుప్తంగానే నమస్కారం చేసి వెళ్ళిపోయాడు.

ఆ వేసవిలోనే ఒక ప్లాంటులో వాల్వు దగ్గర అమోనియా లీకైంది. లోపలున్నవాళ్ళు గేటు కనపడింది కదా అని గేటు వైపు పరిగెత్తారు. గాలీ అటే వీస్తూ గ్యాసును వాళ్ళ మీదికే తోస్తోంది. ఏసోబు కుడికన్ను ఆ గేటు దగ్గరే పోయింది. ఏసోబూ ఆదామూ ఒకే ఏడాది పనిలోకి దిగినవాళ్ళు, ఒకే క్యారేజీలో తిన్నవాళ్ళు.

"గాలికి అడ్డంగా పొమ్మని ఆ ఇంజనీరు చెప్పేవాడేమోరా" అన్నాడు ఏసోబు ఆసుపత్రి మంచం మీద.

తర్వాత ఆదాం అధ్యక్షుడయ్యాడు. వేదిక మీద మూడే కుర్చీలన్నాడు. ఒకటి అధ్యక్షుడికి, ఒకటి కార్యదర్శికి, ఒకటి ఆ రోజు ప్రసంగించే మనిషికి. మాజీలు కిందే. కింద నుంచి ఎవరు మాట్లాడినా రెండు నిమిషాలు. అలిగినవాళ్ళు అలిగారు. కొందరు సంఘమే మానేశారు. సంఘం మాత్రం మిగిలింది. పదవి దిగాక కూడా ఆదాం ఊరుకోలేదు. ఏటా కొత్తగా ఎన్నికైన ముగ్గురినీ కూర్చోబెట్టి సభ నడపడం నేర్పే పని తలకెత్తుకున్నాడు.

ఈ ఏడాది ముగ్గురూ అరండల్‌పేటలో రామకాంత్ ఏసీ షాపు మేడ మీద ఆదివారాలు చేరారు. రామకాంత్ అధ్యక్షుడు. మాట తీపి, కాదనడం రాదు. రెబ్కా కార్యదర్శి. ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు, డిప్లొమా చదివిన మనిషి. పెదకాకానిలో ఫ్రిజ్‌లు బాగుచేసే జక్రయ్య కోశాధికారి. రాగి పైపు ముక్కను దారంతో కిటికీకి వేలాడదీసి, స్పానరు జక్రయ్య చేతికిచ్చాడు ఆదాం. రెండు నిమిషాలు దాటితే కొట్టాలి. ఎవరని చూడకూడదు.

మొదటి పాఠం గంట. రెండో పాఠం ఓటమి.

"రామకాంత్, ఒక తీర్మానం పెట్టు. ఇవాళ నువ్వు ఓడిపోతున్నావు" అన్నాడు ఆదాం.

నెలవారీ సమావేశాన్ని శనివారానికి మార్చాలని రామకాంత్ ప్రతిపాదించాడు. మిగిలిన ఇద్దరూ వ్యతిరేకంగా చేతులెత్తారు. రామకాంత్ నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"ఆ ముఖం చూడండి. పెళ్ళి బంతిలో కూర అందనోడిలా ఉంది. మళ్ళీ చెయ్యి."

"ఉత్తుత్తి తీర్మానమే కద సార్."

"ఉత్తుత్తిదానికే ఇట్టా ఉంటే నిజందానికి ఇంటికి పోయి ముసుగు తన్ని పడుకుంటావు. 'తీర్మానం ఓడిపోయింది. తర్వాతి అంశం.' అంతే అనాల. 'పర్లేదులెండి, మీ ఇష్టం' అని గొణగకూడదు."

రామకాంత్ ఆ ఉదయమంతా ఓడిపోతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి కొంచెం అలవాటు పడ్డాడు.

"మీరెప్పుడన్నా ఓడిపోయారా సార్, అధ్యక్షుడిగా ఉన్నప్పుడు?" రెబ్కా అడిగింది.

"నా మాట కాదన్నోళ్ళు లేరమ్మా" అన్నాడు ఆదాం గర్వంగా. అన్న తర్వాత ఆ మాట అతనికే ఎందుకో రుచించలేదు. గ్లాసులో అడుగున మిగిలిన టీ తాగేశాడు.

వచ్చే ఏటి నుంచి అన్ని శాఖలకూ శిక్షణ కంప్యూటరులోనే ఇస్తామని రాష్ట్ర కార్యాలయం నుంచి కబురొచ్చింది. అంటే ఆదాం నేర్పే చివరి ముగ్గురు వీళ్ళే. ఆ కబురు చదివిన రోజు రామకాంత్ మెట్ల దాకా వెంట వచ్చాడు.

"సార్, వార్షిక సభలో మిమ్మల్ని శాశ్వత గౌరవ సలహాదారుగా ప్రతిపాదిస్తానండి. వేదిక మీద కుర్చీ మీకెప్పటికీ ఉంటుంది."

"రూలు ఒప్పుకోదేమో."

"రూలు పెట్టింది మీరే కద సార్. మీ కోసం కాస్త పక్కకి జరుపుదాం."

వద్దనాల్సిన చోటు అదే. మెట్లు ఖాళీ, వినేవాళ్ళు లేరు, ఒక్క ముక్కతో పోయేది. "మీ ఇష్టం" అన్నాడు ఆదాం. మన భాషలో ఆ మాటకు అర్థం సరేనని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

అతన్ని మరీ తప్పు పట్టలేం. పనిచేసిన ప్లాంటులో ఇప్పుడు సెన్సర్లు పెట్టారు. కంప్రెసర్‌కు ఒళ్ళు బాగాలేకపోతే ముందు యజమాని ఫోనుకే తెలుస్తుంది. 'ఆదాం గారూ, ఒకసారి వచ్చి చప్పుడు వింటారా' అని అడిగేవాళ్ళు తగ్గి తగ్గి, లేకుండా పోయారు. ఆదివారం మేడ మీద ఆ ముగ్గురూ 'సార్' అని పిలిచే పిలుపొకటి మిగిలింది. అదీ పోతే అతను మూడో వరసలో ఎవరో ఒక ముసలాయన. ఆ కుర్చీ ఉంటే అలా కాదు.

ఆనందపేటలో ఇంటికి దర్జీ చొక్కా తెచ్చి ఇచ్చిన రోజు భార్య సర్దార్‌బీ పొట్లం విప్పి చూసింది.

"ఏందండీ, పండగ లేదు పబ్బం లేదు, కొత్త చొక్కా?"

"సభ ఉంది. పైన కూర్చోబెడతారంట."

"స్టేజీ మీదా? మాజీలు కిందే అని ఇల్లెగిరిపోయేలా అరిచింది మీరే కదా."

"నేను మామూలు మాజీని కాదు."

"అందరు మాజీలూ అదే అంటారు" అంది సర్దార్‌బీ. చొక్కా మాత్రం జాగ్రత్తగా ఇస్త్రీ చేసి పెట్టింది.

సభ కొత్తపేటలో ఒక చిన్న ఏసీ హాల్లో పెట్టారు. ఆ రోజు ఏసీ పనిచెయ్యలేదు. ఊళ్ళో ఏసీలన్నీ బాగుచేసేవాళ్ళు అట్టలతో విసురుకుంటూ కూర్చున్నారు. ఒక్కరూ లేచి దాని మూత తియ్యలేదు. అద్దె ఇచ్చాం, బాగుచేసే బాధ్యత హాలువాడిదని పట్టుదల. గ్యాసు అయిపోయిందని ఒకరు, కాదు కెపాసిటర్ పోయిందని ఒకరు కూర్చున్నచోటి నుంచే తేల్చేశారు.

ఆదాం వస్తూనే వేదిక వైపు చూశాడు. నాలుగు కుర్చీలున్నాయి. నాలుగోదాని మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంది. అతను మూడో వరసలో చివరన కూర్చున్నాడు, లేవడానికి వీలుగా.

మొదటి అంశాలు చకచకా గడిచాయి. రామకాంత్ గొంతు సవరించుకుని తీర్మానం చదివాడు. ఆదాం గారి సేవలు, ఆదాం గారి క్రమశిక్షణ, శాశ్వత గౌరవ సలహాదారు. హాలంతా చప్పట్లు మోగాయి. మన సభల్లో చప్పట్లు పడ్డాయంటే ఏకగ్రీవమే. రామకాంత్ అప్పుడే నాలుగో కుర్చీ వైపు చెయ్యి చాపాడు.

"చప్పట్లు ఓటు కాదండీ" అంది రెబ్కా మైకులో. "వ్యతిరేకంగా మాట్లాడేవాళ్ళెవరన్నా ఉన్నారా?"

ఎవరూ లేవలేదు. ఆదాం ముందు ఎవరు లేస్తారు?

"అయితే నేను మాట్లాడతా" అని ఆమె వేదిక దిగి కింద ఉన్న మైకు దగ్గరికి వచ్చింది. వేదిక పక్కన రాగి పైపు వేలాడదీసుకుని కూర్చున్న జక్రయ్య గడియారం చూసుకున్నాడు.

"ఆదాం సార్ అంటే గౌరవం లేక కాదు. ఆడమనిషి సెక్రటరీ ఏంటని ఇదే హాల్లో అన్నోళ్ళకి జవాబు చెప్పింది ఆయనే. మైకు పట్టుకోవడం నేర్పింది ఆయనే. కానీ ఇవాళ ఈ నాలుగో కుర్చీ వేస్తే వచ్చే ఏడు ఐదోది రామకాంత్ గారికి వెయ్యాల. పై ఏడు ఆరోది నాకు. వేస్తే నాకూ కూర్చోవాలనే ఉంటది. అందుకే వద్దంటున్నా."

ఆమె ఆదాం వైపు చూడలేదు. ఎదుటి మనిషి పెద్దవాడైతే గోడ వైపు చూసి మాట్లాడమని నేర్పింది అతనే.

"సార్, మీరేమన్నా చెప్తారా?" అన్నాడు రామకాంత్ దిక్కుతోచక.

అందరూ ఆదాం వైపు తిరిగారు. 'ఆ అమ్మాయి చెప్పిందే నిజం' అంటే చాలు, సభంతా లేచి చప్పట్లు కొట్టేది. ఆ మాట ఆదాం నాలుక దాకా వచ్చింది కూడా. అక్కడే ఆగిపోయింది. కొత్త చొక్కా కాలరు మెడకు గుచ్చుకుంటోంది.

"ఏం లేదు" అన్నాడు.

ఓటు పెట్టారు. అనుకూలంగా ముందు వరసల్లో చాలా చేతులు లేచాయి. వ్యతిరేకంగా మొదట రెబ్కా చెయ్యి ఒక్కటే. తర్వాత గుమ్మం దగ్గర, ఆలస్యంగా వచ్చి నిలబడ్డ ఏసోబు చెయ్యి లేచింది. ఆ చెయ్యి చూసి ప్లాంటు ఆపరేటర్లు ఒక్కొక్కరే ఎత్తారు. ఎత్తినవాళ్ళలో సగం మంది తల దించుకుని ఎత్తారు. ఆదాం రెండు చేతులూ మోకాళ్ళ మీదే ఉండిపోయాయి. జక్రయ్య రెండుసార్లు లెక్కపెట్టి రామకాంత్ చెవిలో చెప్పాడు.

రామకాంత్ నిలబడ్డాడు. ఆదాం కళ్ళు తెలియకుండానే అతని ముఖం మీదికి పోయాయి. ఆ ముఖం మాడలేదు. నవ్వనూ లేదు.

"తీర్మానం ఓడిపోయింది. తర్వాతి అంశం."

గొణుగు లేదు, క్షమాపణ లేదు. ఆదాం గుండెలో ఒక పక్క ముల్లు దిగుతుంటే, ఇంకో పక్క 'పాఠం కుదిరింది' అనిపించింది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో అతనికే అర్థం కాలేదు.

జక్రయ్య నాలుగో కుర్చీ కిందికి దించి, నిలబడి ఉన్న ఏసోబు కోసం ఆదాం పక్కనే వేశాడు. తువ్వాలు తీసి మడిచి ఎక్కడ పెట్టాలో తెలియక భుజాన వేసుకున్నాడు.

"ఏరా, నీ కుర్చీ నాకొచ్చిందే" అన్నాడు ఏసోబు కూర్చుంటూ.

"నువ్వు కూడా ఎత్తావు చెయ్యి."

"ఎత్తా. నువ్వు పైకి పోతే ఇక్కడ నాతో గుసగుసలాడేదెవడు? నాకున్నది ఒంటికన్ను, అంత దూరం నీ ముఖం కూడా ఆనదు."

ఆదాం నవ్వలేదు. కాసేపటికి మోకాళ్ళను పట్టుకున్న చేతులు మాత్రం సడలించాడు.

ఆనాటి అతిథి అమోనియా భద్రత గురించి తనకిచ్చిన సమయమంతా మాట్లాడాడు. బొమ్మలు చూపించాడు. వెనక బిర్యానీ గిన్నె మూత ఎవరూ తియ్యలేదు. ప్రశ్నలుంటే అడగమన్నారు. ఆదాం చెయ్యెత్తాడు. అతని కన్నా ముందు ఇద్దరు ఎత్తి ఉన్నారు. వాళ్ళయ్యేదాకా చెయ్యి దించకుండా కూర్చున్నాడు.

"మూడో వరస చివర, ఆదాం గారు. రెండు నిమిషాలు" అన్నాడు రామకాంత్.

ఆదాం లేచాడు. మొదలుపెట్టడం బాగానే పెట్టాడు. తన ప్లాంటు, పాత వాల్వులు, ఆ వేసవి లీకు. పాత సంగతుల్లో పడితే ఎవరికి సమయం తెలుస్తుంది? "గాలికి అడ్డంగా పొమ్మంటారు, బానే ఉంది. గాలి ఎటుందో లోపలున్నోడికి ఎట్టా తెలుస్తది? అందుకని నేను చెప్పేదేందంటే, ప్రతి ప్లాంటు కప్పు మీదా ఒక..."

రాగి పైపు టంగుమంది.

జక్రయ్య చేతిలో స్పానరు ఇంకా గాల్లోనే ఉంది. కొట్టినందుకు వాడి ముఖమే పాలిపోయింది. ఆదాం ఆ పైపు వంక ఒక క్షణం చూశాడు. తెరిచిన నోరు మూసుకుని కూర్చున్నాడు.

సభ అయ్యాక బయట టీలు ఇచ్చారు. ఆదాం పిట్టగోడవారగా నిలబడ్డాడు. రెబ్కా రెండు గ్లాసులు పట్టుకుని వచ్చి ఒకటి అతనికిచ్చింది.

"కోపమా సార్?"

"ఉంది" అన్నాడు ఆదాం. "ఎప్పుడు పోతుందో కూడా తెలవదు."

ఆమె తలూపింది. పోలేదు, అక్కడే నిలబడింది. "ప్లాంటు కప్పు మీద ఒక ఏందో అన్నారు, మధ్యలో ఆగిపోయింది. మా ప్లాంటు కప్పు మీద ఏమీ లేదు సార్."

ఆదాం వెనక్కి తిరిగి చూశాడు. పైపు హాల్లోనే ఉండిపోయింది. జక్రయ్య తువ్వాలు భుజానే మర్చిపోయి టీ ఊదుకుంటున్నాడు. ఏసోబు కూడా గ్లాసుతో దగ్గరికొచ్చాడు.

"ఒక గుడ్డ పేలిక" అన్నాడు ఆదాం. "పాత చీర ముక్కయినా సరే. పొడుగాటి కర్రకి కట్టి నిలబెట్టండి, ఏ తలుపులోంచి చూసినా కనపడాల. అది ఎటు ఎగురుతుంటే గాలి అటు పోతున్నట్టు. అటు పోకూడదు, అడ్డంగా పోవాల."

రెబ్కా టీ తాగడం ఆపి వింటోంది. ఆదాం గ్లాసు గోడ మీద పెట్టి, కర్ర ఎంత పొడుగుండాలో రెండు చేతులూ చాపి చూపించాడు.