సారు గీసిన ఇల్లు

సారు పోయారన్న సంగతి నాకు వికారాబాద్ స్టేషన్‌లో తెలిసింది. తాండూరు నుంచి రోజూ రైల్లో వచ్చి నేను పనిచేసే బడిలో లెక్కలు చెప్పే పంతులుగారు బండి దిగీ దిగగానే, "మీ ఉర్దూ సారు పోయిండంట గదా" అన్నారు, పక్కూళ్లో వాన పడిందన్నంత తేలిగ్గా. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సారు నాకు ఏనాడూ ఉర్దూ చెప్పలేదు, తెలుగు వాచకం చెప్పారు. అయినా ఆయన పక్కన కూర్చుని చాయ తాగినవాళ్లకు కూడా చివరిదాకా ఉర్దూ సారే.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిలో నిజాం పోయేదాకా ఆయన తాండూరు బడిలో ఉర్దూలోనే పాఠాలు చెప్పేవారట. రాజ్యం మారింది, బడి భాష మారింది. తెలుగు పరీక్ష పాసైతేనే నౌకరీ అన్నారు. వీధిలో చిన్నప్పటి నుంచీ తెలుగు మాట్లాడిన మనిషే గానీ, పుస్తకాల తెలుగును నలభై ఏళ్ల వయసులో పలక పట్టుకుని నేర్చుకున్నారు. పాసయ్యారు. మెచ్చుకున్నవాడు ఒక్కడు లేడు. "గీయన ఇంక పాకిస్తాన్ పోలేదా" అని ఆయనకు వినపడేలాగే అనేవారు ఊళ్లో. ఆయన షేర్వానీ గుండీలు సరిచేసుకుని బడికి నడిచేవారు.

నాది పూడూరు దగ్గర పల్లె. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. తాండూరు దవాఖానాలో ఊడ్చే పని చేసే మా మేనత్త నన్ను తన దగ్గర ఉంచుకుని బడిలో వేసింది. "బడి ఇడిసిపెడితివంటె పటేలు చేన్ల కలుపుకు పోవుడే బిడ్డా, యాదుంచుకో" అని అమ్మ పంపింది. తరగతిలో నా జాగా తలుపు పక్కన, నాపరాయి మీద. నన్నక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు. లోపలికి జరగమని కూడా ఎవరూ అనలేదు. మంచినీళ్లు మాత్రం పైనుంచి పోసేవారు, నేను దోసిలి పట్టేదాన్ని.

సారు కథ చెప్పే తీరు వేరు. కథ మొత్తం చదివించి, పుస్తకం మూయించి, నల్లబల్ల మీద సుద్దతో ఇల్లు గీసేవారు. ఒక చదరం, దానికొక గడప. కథలో ఉన్నవాళ్లందరినీ చుక్కలుగా అందులో పెట్టించేవారు. తర్వాత అడిగేవారు: "ఇల్లు ఎవరిది? గడప అవతల ఉన్నదెవరు? గాయన ఎట్ల బతికిండు?" అంతే. నీతి ఏమిటని ఆయన ఎన్నడూ అడగలేదు. "కథల దయ కనవడితె ముందు జాగ చూడాలె. ఎవరిని యాడ కూసోవెట్టిన్రో చూస్తె ఎంత దయనో తెలుస్తది" అనేవారు. ఈ మాటను ఇప్పుడు పెద్ద పెద్ద మాటల్లో చెప్పే సాహిత్య సభలకు నేను వెళ్తుంటాను. అక్కడ కూడా మొదట ఎవరిని ఏ కుర్చీలో కూర్చోబెట్టారనే చూస్తాను.

ఆ రోజు పాఠంలో వానకు తడిసిన ఒక బాటసారి ఒక గృహస్థు ఇంటికొస్తాడు. గృహస్థు పశువుల కొట్టంలో చోటిచ్చి, విస్తట్లో అన్నం పంపుతాడు. ఆహా ఎంత దయ అని పాఠం ముగుస్తుంది. సారు ఇల్లు గీసి, తలుపు దగ్గరి నుంచి నన్ను పిలిచారు. నేను బాటసారిని గడప అవతల పెట్టాను. అక్కడితో ఆగి ఉంటే నా బతుకు, ఆయన బతుకు వేరుగా ఉండేవి. పక్కనే ఇంకో చుక్క పెట్టాను.

"గదెవరే?" అన్నారు సారు.

"నేను సారూ. ఇంట్ల మస్తు జాగ ఉన్నది. గొడ్డు పక్కన పండవెడితె దయెట్లయితది?"

సారు ఆ చుక్కను చాలాసేపు చూశారు, తుడవలేదు.

సాయంత్రానికల్లా మాట ఇళ్లకు చేరింది. మరునాడు పెద్దమనుషులు హెడ్మాస్టరు గదిలో ఉన్నారు. తెలుగు కథలో, తెలుగు ఇంట్లో, ఒక తురకాయన తప్పులు వెతికిస్తున్నాడని కాగితం రాసి, దాని కింద వరసగా సంతకాలు పెట్టారు. వారం తర్వాత వికారాబాద్ నుంచి ఒక అధికారి విచారణకు వచ్చారు. నన్ను పిలిచే ముందు హెడ్మాస్టరు వరండాలో ఆపి, "గా మాట నీదే అంటివంటె నీ పేరు రిజిస్టర్ల ఉండది. సారు చెప్పిచ్చిండంటె నీకేం కాదు. సమజైందా?" అన్నాడు.

లోపల సారు నిలబడి ఉన్నారు. కుర్చీలు చాలా ఉన్నాయి, ఆయనకే లేదు. ఆ మాట ఎవరిదని అధికారి అడిగారు. నాకు అమ్మ మాట, పటేలు చేను, కలుపు అన్నీ ఒక్కసారే కనిపించాయి.

"సారే చెప్పమన్నడు" అన్నాను.

నేను నోరు మూయకముందే సారు, "ఔను, నేనే చెప్పిచ్చిన" అన్నారు. అంత తొందరగా అన్నారు ఆయన, నా అబద్ధం కంటే ఆయన అబద్ధమే ముందు పుట్టిందేమో అనిపిస్తుంది నాకు.

పదిరోజుల్లో ఆయన్ను కుల్కచర్ల అవతల, నాలుగో తరగతి దాకే ఉన్న ఒక పల్లె బడికి వేశారు. సామాను ఎద్దుబండిలో వెళ్లింది. చూడ్డానికి నేను పోలేదు. పిరికిదాన్ని, ఆ మాట దాచను.

పంతులమ్మ ట్రైనింగు పూర్తయిన ఏడాది వికారాబాద్ బస్టాండులో ఆయన కనిపించారు. కళ్ల దవాఖానాకని వచ్చారట. గడ్డం తెల్లబడింది. కాళ్ల మీద పడబోతే పట్టి ఆపారు. "గప్పుడు నిజం చెప్పుంటె ఇయాల నీ చేతుల సుద్ద ఉండెనా? నాకు ఊరు మారింది, నీకైతె బడే పోతుండె. బతికినోన్ని తప్పు వట్టద్దు, ఎట్ల బతికిండో యాదుంచుకోవాలె" అన్నారు. నాకు చాయ తాగించి బస్సెక్కించారు. ఆ క్షమ నాకు ఇప్పటికీ అరగలేదు. ఆయన ఒక్క చెంపదెబ్బ కొట్టినా ఇంత బరువుండేది కాదు.

నౌకరీ అయిపోయాక తాండూరుకే తిరిగొచ్చి, బడి వెనక గల్లీలో కిరాయి ఇంట్లో పోయారు. నలభయ్యో రోజున బడిలో సంతాప సభ పెట్టారు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్లే ఒకరి తర్వాత ఒకరు లేచి, "మనోడు, తెలుగుకు సేవ చేసిన మహానుభావుడు" అన్నారు. బతికున్నప్పుడు ఒక్కనాడు మనోడు అనని నోళ్లు. అధ్యక్ష కుర్చీలో ఆనాటి హెడ్మాస్టరు. "సారుకు ఇష్టమైన శిష్యురాలు రెండు మాటలు చెప్తది" అన్నాడు.

చెప్పాను. ఆ మాట నాదని, సారు నేర్పలేదని, అబద్ధం చెప్పమన్నది ఎవరో, సంతకాలు ఎవరివో చెప్పాను. "కూసో అమ్మా, గవన్ని ఇప్పుడెందుకు" అని అధ్యక్షుడు అంటూనే ఉన్నాడు. ముందు వరస లేచిపోయింది. నేను కూర్చోలేదు.

అక్కడి నుంచి నేరుగా సారు ఇంటికి వెళ్లాను. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు గనక ఆయన భార్య సభకు రాలేదు. ఇంకొకరు చెప్పేలోగా నేనే చెప్పాలనుకున్నాను. లోపల ఆడవాళ్లు నలభయ్యో రోజు భోజనాలు చేస్తున్నారు. ఆమెను పక్కకు పిలిచి అంతా చెప్పాను.

"పదేండ్లు ఆయనతోని కొట్లాడిన" అంది ఆమె. "పరాయి పిల్లలకు గసొంటి మాటలు నేర్పి మమ్ముల అడవిల వడేసిన్రని తిట్టని రోజు లేదు. గా ఊర్లె నాలుగు దాటినంక బడి లేదు. నా బిడ్డ చదువు ఆడనే ఆగింది. నువ్వు పంతులమ్మవైనవ్. ఒక్కనాడన్న నిజం చెప్పలె గా మనిషి, చెప్తె నా నోరు మూతవడుతుండె గద."

నేను లేవబోయాను. "యాడికి? ఆయన పేరు మీద వండింది. తిని పో" అంది. భోజనానికి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ దగ్గర, ఆడవాళ్ల నడుమ నన్ను కూర్చోబెట్టి, ఒక పెద్ద పళ్లెం తెచ్చి, ఇద్దరం కలిసి తినేలా నాకూ తన కూతురికీ మధ్య పెట్టింది. ఆ కూతురిది నా ఈడే. తన వైపున్న మాంసం ముక్కను నా వైపు జరిపింది. సారు భార్య గోడవైపు తిరిగి కూర్చుంది. నేను తిని చేయి కడుక్కునేదాకా ఇటు తిరగలేదు.