మైకు పెద్దమ్మ ప్రార్థన వంతు

బజారులో ఆమెను అందరూ మైకు పెద్దమ్మ అంటారు. పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాంతో పిలిస్తే ఆవిడే పలకదు. ఉల్లిపాయల కుప్ప వెనక కూర్చుని ఒక్క కేక వేసిందంటే, బజారు ఆ చివర బేరమాడుకుంటున్నవాళ్ళు కూడా ఇటు తిరిగి చూడాల్సిందే. భర్త పోయాక పిల్లల్ని ఆ ఉల్లిపాయల మీదే పెంచింది. తల్లి లేని తమ్ముణ్ణీ వాటి మీదే చదివించింది. ఉల్లిపాయలు లోకాన్నంతా ఏడిపిస్తాయి గానీ నన్ను మాత్రం బతికించాయి అని నవ్వుతుంది.

ఆ తమ్ముడు ఇప్పుడు చిన్నాచితకా మనిషి కాదు. కట్టుబడి పనులు చేసే కాంట్రాక్టరు, పైగా వాళ్ళ చర్చికి కార్యదర్శి. ఎన్నికలు దగ్గరపడ్డ ఆ ఏడు మునిసిపాలిటీ ఒక ఆర్డరు వేసింది. బజారు ఖాళీ చేయాలట, ఆ జాగాలో కార్లు నిలుపుకోవడానికి అంతస్తుల కట్టడం లేస్తుందట. మనుషులు నిలబడే చోటు తీసేసి కార్లు నిలబెడతారట, ఎంత తెలివో చూడండి! సరే, ఆ పని ఎవరికి దక్కింది? ఇంకెవరికి, తమ్ముడికే. ఈ సంగతి పెద్దమ్మకు తమ్ముడు చెప్పలేదు, బజారు చెప్పింది. ఆ రోజంతా ఆమె నోట కేక రాలేదు. కొనేవాళ్ళు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

బజారువాళ్ళంతా కలిసి మునిసిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. వెళ్ళినప్పుడల్లా చైర్మన్ గారు మీటింగులోనే ఉన్నారు. అంత మీటింగు మీద మీటింగు పెట్టే మనిషి ఒక్కసారైనా వీళ్ళను మీట్ కాలేదు.

ఇలా ఉండగా ఒక కబురు వచ్చింది. ఆదివారం చైర్మన్ గారు చర్చికి వస్తున్నారు. చర్చికి ప్రహరీగోడ కట్టిస్తామన్నారు. బదులుగా, పేపరువాళ్ళ ముందు సంఘమంతా ఆయన గెలుపు కోసం ప్రార్థన చేయాలి. సంఘ పెద్దలు సరేనన్నారు. ముసలి అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఔననలేదు, కాదనలేదు. గోడ లేక ప్రతి వానకూ మందిరంలోకి నీళ్ళు వస్తున్నాయి మరి, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

ఇక్కడే తమ్ముడు ఒక పొరపాటు చేశాడు. ఆ చర్చిలో అధికారుల కోసం చేసే ప్రార్థన వంతుల మీద నడుస్తుంది, ఒక్కో వారం ఒక్కో బల్ల మీద కూర్చునేవాళ్ళలో ఒకరిది. ఆ వారం వంతు పెద్దమ్మది. దాన్ని మార్చబోతే ఆమె అలుగుతుంది, మార్చకపోతే అక్కే కదా, చెబితే వింటుంది అనుకున్నాడు. శనివారం పొద్దున్నే వచ్చి ఉల్లిపాయల పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

“అక్కా, రెండే రెండు మాటలు. చైర్మన్ గారిని గెలిపించు దేవా అని కూర్చో. మనవులు అడగడాలూ అవీ ఈ వారం వద్దు. కొత్త కట్టడంలో కింద నీకో కొట్టు ఇప్పిస్తాను.”

మరి మిగతావాళ్ళకో అని అడిగింది పెద్దమ్మ. తమ్ముడు గడియారం చూసుకుని లేచాడు.

ఆమెకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఎండకూ వానకూ ఎదురుగా కూర్చుని కూర్చుని మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, తలుపూ షట్టరూ ఉన్న కొట్టు అంటే ఎవరికి చేదు? ఆ ఆశతోనే తలొంచుకుని ఉల్లిపాయలు ఏరుతుంటే, పక్కన గొడుగులు బాగుచేసే తాత మెల్లగా అన్నాడు.

“మీ దేవుడు కూడా చైర్మన్ పార్టీయేనా, అమ్మా?”

తాత చర్చి మనిషి కాదు, వెటకారం మనిషీ కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అందుకే ఆమెకు గుండెలో కలుక్కుమంది. కొట్టు పోతే పోయింది, దేవుడికే ఈ బజారులో పేరు పోతోందే అనుకుంది.

అసలు ఆ చర్చి పుట్టిందే ఈ బజారు రేకుల కింద. తాతల కాలంలో మూటలు మోసేవాళ్ళు, కూరలు అమ్మేవాళ్ళు తెల్లారకముందే చేరి పాటలు పాడుకునేవాళ్ళు. అప్పటి అధికారి పిలిపించి, పాడుకోండి గానీ నా కోసం కూడా ప్రార్థించండి అన్నాడట. మొదటి బోధకుడు కూడా మూటలు మోసేవాడే. తప్పకుండా చేస్తాం, రాజుల కోసం ప్రార్థించమని మా గ్రంథమే చెప్పింది, వాళ్ళ ముందు నోరు మూసుకోమని మాత్రం చెప్పలేదు అన్నాడట. అప్పటి నుంచీ అదో ఆనవాయితీ. గద్దె మీద ఉన్నవాళ్ళ కోసం ప్రార్థించే ముందు, వంతు ఉన్నవాళ్ళు జనం వైపు తిరిగి ఎవరికైనా మనవి ఉందా అని అడగాలి. నమ్మినవాడు చెప్పినా నమ్మనివాడు చెప్పినా, ఆ మనవి ప్రార్థనలో కలవాల్సిందే. ఒక్కటి వదిలేసినా అది ప్రార్థన కింద లెక్క కాదు.

పెద్దమ్మ తాతకు ఇదంతా చెప్పి, నీ మనవి రేపు నువ్వే వచ్చి చెప్పుకో అంది. తాత ఒక్కడికి చెబితే బజారంతటికీ చెప్పినట్టే.

ఆదివారం చైర్మన్ గారు అందరికంటే ముందు, పెద్ద కుర్చీలో కూర్చున్నారు. వెనక బల్లలన్నీ బజారుతో నిండిపోయాయి. వాళ్ళను చూడగానే తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దమ్మ లేచింది. తమ్ముడు వద్దు వద్దని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఎత్తుకుని పెంచిన వాడాయె, ఆ కళ్ళకేసి చూడలేక జనం వైపు తిరిగింది.

“ఎవరికైనా మనవి ఉందా?”

గొడుగుల తాత బడి పిల్లాడిలా చెయ్యెత్తి లేచాడు. ఎవరితో మాట్లాడాలో తెలియక పైకప్పు వైపు చూస్తూ, దేవుడుగారూ, చైర్మన్ గారు మాకు దొరకటం లేదు, తమరు దొరికారు కాబట్టి చెప్పుకుంటున్నాను అని మొదలుపెట్టాడు. నవ్వులు లేచాయి. తాత నవ్వలేదు. ఈ వయసులో నన్ను లేపేస్తే ఇంకెక్కడ కూర్చోను అని అడిగి ఊరుకున్నాడు. ఆయన వెనక పూలమ్మాయి, ఆమె వెనక తాళాలు చేసేవాడు, ఒకరి తర్వాత ఒకరు లేచారు. చైర్మన్ గారు తల వంచుకునే ఉన్నారు. ఎత్తుదామన్నా, లేచి పోదామన్నా ఎదురుగా పేపరువాళ్ళ కెమెరాలు! నెలల తరబడి తలుపు అవతల ఆగిపోయిన మాటలన్నీ ఆ ఒక్క పూట ఆయన చెవిన పడ్డాయి.

అప్పుడు పెద్దమ్మ ఆయన వైపు తిరిగి, మీకేమైనా మనవి ఉందా అని అడిగింది. ఏముందమ్మా, గెలిపించమని అడగండి అన్నారాయన, నవ్వు తెచ్చిపెట్టుకుని.

“గెలుపు మేము అడగమండీ. ఎవరికీ ఏనాడూ అడగలేదు. అడిగితే ఓడినవాడికి రేపు ఈ గడప తొక్కే ముఖం ఉండదు. మనిషిగా మీకేం కావాలో చెప్పండి.”

చైర్మన్ గారు సాయం కోసం అయ్యగారి వైపు చూశారు. వారమంతా నోరు విప్పని ఆ ముసలాయన, వంతు ఆమెదండీ అన్నాడు. అంతే. దేవుడే ఆయన మనసును ముట్టాడో, వెనక బల్లల్లో ఓట్లే కనిపించాయో, ఆయనకే తెలియాలి. మొత్తానికి లేచి నిలబడ్డారు.

“ఆ ఆర్డరు మీద సంతకం నాదే. దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం ఇమ్మని అడగండి.”

ఆ తర్వాత లేచిన హోరు చెప్పలేను. బల్లలు చరిచారు, ఏడ్చారు, పక్కనున్న పరాయివాణ్ణి పట్టుకుని ఊపేశారు. చైర్మన్ గారు మాట తప్పలేదు, ఆ వారంలోనే ఆర్డరు రద్దయింది. గోడ మాత్రం రాలేదు, ఎవరూ అడగనూ లేదు. కానీ ఆ ఆదివారం అక్కడితో అయిపోలేదు. ఎవరూ మిగలకుండా అడగాలి కదా. పెద్దమ్మ, ఇంకెవరికైనా ఉందా అంది. తమ్ముడు లేచాడు.

“నాకుంది. ఈ పని నమ్ముకుని కూలీలకు మాటిచ్చాను. అది పోయింది. వాళ్ళకేం చెప్పాలో తెలియటం లేదు. అడిగే ముఖం లేదక్కా. అయినా అడుగుతున్నాను.”

పెద్దమ్మ బల్లల మధ్య నుంచి నడిచి వెళ్ళి, అందరి ముందూ తమ్ముడి తల మీద చెయ్యి పెట్టింది. అలా నిలబడే ప్రార్థన చేసింది. తాతకు చోటు అడిగింది, చైర్మన్‌కు ధైర్యం అడిగింది, తమ్ముడికి పని అడిగింది. ఒక్క మనవి కూడా వదల్లేదు. ఎవరిని లేపేసి అతను కట్టబోయాడో వాళ్ళంతా అతని కోసం తలలు వంచి ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు. ఎక్కడ ఆపాలో తెలియని గొడుగుల తాత ఇంకో రెండుసార్లు అన్నాడు.