గంగయ్య గారి గట్టు

మా సత్తిరాజు మావయ్యకి ఒక సిద్ధాంతం ఉండేది. పొలాల రేటు రాజమండ్రిలో బయల్దేరి, స్టాపు స్టాపుకీ ఆగుతూ వస్తుందట. 2004లో లాలాచెరువు వచ్చింది. మరుసటేడు గాడాల. గాడాలలో కొనలేనివాళ్ళు తర్వాతి ఊరికి పోతారు, అక్కడా పెరిగితే ఆ తర్వాతి ఊరికి. "కోరుకొండ రోడ్డు మీద మన తోట దగ్గర దిగక చస్తుందేంట్రా?" అనేవాడు.

తోటంటే ఎకరన్నర చక్కెరకేళీ అరటి. రోడ్డుకి లోపలగా, నలుగురి పొలాల మధ్య. వెళ్ళడానికి గంగయ్య గారి గట్టే దారి. తాతల నాటి నుంచీ మేం ఆ గట్టు మీద నడిచాం, వాళ్ళు మా బోరు నీళ్ళు పెట్టుకున్నారు. ఎవరూ ఎవర్నీ అడిగింది లేదు, రాసుకున్నదీ లేదు.

గంగయ్య గారిని ఏడిపిద్దామని ఓ మధ్యాహ్నం నేను రాళ్ళకి సున్నం కొట్టి, నెత్తిన ఎర్రరంగు పూసి, ప్లాట్ల హద్దురాళ్ళలా ఆయన పొలంలో వరసగా పాతేశాను. ఆయన ఏడవలేదు. రెండ్రోజుల్లో ఓ కారు ఆగింది. "ఇక్కడ ప్లాట్లు పడుతున్నాయాండి?" మూడు వారాల్లో ఆయన ఎకరం పద్దెనిమిది లక్షల లెక్కన అమ్మేశాడు. ఆయన్ని చూసి మిగతా ముగ్గురూను.

ఆ పొలాలు కొని ప్లాట్ల వెంచర్ వేస్తున్నవాళ్ళు మావయ్యనీ అడిగారు.

"గాడాలలో నలభై ఉందండి. ఓ ఏడాది ఆగుతాను."

"ఆగండి, ఎవరొద్దన్నారు," అన్నాడు వెంచర్ మేనేజరు.

మావయ్య లెక్క తప్పలేదు. 2007కి మా చుట్టూ నలభై అయింది. ఈలోగా తోట చుట్టూ గోడ లేచింది. గట్టు పోయి అరవై రెండో నంబరు ప్లాటయింది.

"మా దారేదండి?"

"కాగితం చూపించండి, ఇచ్చేస్తాం."

"గట్టుకి కాగితమేంటండి బాబూ!"

"పోనీ తోట మాకిచ్చెయ్యండి. ఎకరం ఆరు."

"చుట్టూ నలభై, మధ్యలో నాది ఆరా?"

"వాటికి రోడ్డుందండి."

దారి లేని తోట ఇంకెవరూ కొనరు. మావయ్య గోడకి అటొకటి, ఇటొకటి నిచ్చెనలు వేశాడు. గెలలు తాడుకి కట్టి దించేవాళ్ళం. పాపాయి అత్త పంపే అన్నం క్యారేజీ కూడా తాడు మీదే. రాళ్ళు పాతింది ఎవరో మావయ్యకి చెప్పే ధైర్యం నాకు లేదు. తాడు మాత్రం గట్టిగా పట్టుకునేవాణ్ణి.

మరుసటేడు చివర్లో ప్లాట్ల బేరాలు పడిపోయి కార్లు రావడం మానేశాయి. మేనేజరు ఆఫీసుకి తాళం వేసి మాయమయ్యాడు. అడ్డుకునేవాడు లేడు కదాని మావయ్య గునపం తీసి, పాత గట్టున్న చోట గోడ పగలగొట్టబోయాడు.

"ఆగండాగండి!" గొడుగేసుకుని ఒకావిడ పరిగెత్తుకొచ్చింది. పేరు సువార్తమ్మ, మొగల్తూరులో నర్సుగా చేసి రిటైరయిందట. "అరవై రెండు నాదండి. వచ్చిన డబ్బంతా దీన్లోనే పోశాను."

"నాకు బండి పట్టేంత దారిస్తే చాలమ్మా."

"అంత పోతే మిగిలినదాంట్లో ఇల్లు పట్టదండి. అమ్ముదామంటే అడిగే నాథుడు లేడు. మీరు కొంటారా?"

"నాదే ఎవరూ కొనట్లేదు."

మావయ్య గునపం లోపలికి విసిరేసి నిచ్చెనెక్కాడు. అది ఊగుతుంటే, నాకంటే ముందు ఆవిడే వచ్చి కింద పట్టుకుంది.

"అటువైపు చూసుకుని దిగండి," అంది.