పడవ ముక్కు గీతకు రెండు మూలాలు

అది 2022. మా దీవిలో మిన్నీ బే సముద్రపు ఒడ్డున రేకుల షెడ్డులో నేను డోంగీలు, అంటే చిన్న చేపల పడవలు, కట్టడం మొదలుపెట్టి అప్పటికి నలభై ఏళ్ళు దాటింది. నేను బడికి వెళ్ళింది అయిదో తరగతి దాకానే. మిగతాదంతా పాత పత్రికలూ, ఎవరో పారేసిన పుస్తకాలూ చదివి నేర్చుకున్నదే. సర్టిఫికెట్ లేనివాడికి లెక్క రాదని తేల్చేసిన పెద్దమనుషులను చాలామందిని చూశాను. ఒక్కొక్కరి ముఖమూ గుర్తుంది.

ఆ ఏడు మా ఊళ్ళోనే డెలానీపూర్ పేటలో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పే భారతి, వాళ్ళ నాన్నకు పడవ కట్టమని వచ్చింది. పాత పడవ గాలివానకు రాళ్ళ మీద పగిలిపోయాక ఆయన ఇంట్లోనే కూర్చుండిపోయాడట. మాట కూడా తగ్గిపోయిందట. పలకలు కోయకముందే చిక్కు వచ్చిపడింది. రిజిస్ట్రేషన్ కాగితాలు చూసే అధికారి నా డ్రాయింగును పక్కకు నెట్టి, ఇదంతా అందాజా పని అన్నాడు. అంటే ఉజ్జాయింపు అని. ముక్కు వంపుకు లెక్క చూపించకపోతే పడవ నీళ్ళలో దిగదన్నాడు. నలభై ఏళ్ళ పనికి అదీ పేరు!

నా పద్ధతి చెబుతాను. నేల మీద తిన్నగా ఒక గీత కొడతాను. దాని మీద బేటన్, అంటే సన్నటి వంగే చెక్కబద్ద, పెడతాను. ఒక కొసను గీత వెంటే తిన్నగా ఉండేలా రెండు మేకుల మధ్య బిగిస్తాను. రెండో కొసను పన్నెండు అంగుళాలు పైకి జరిపి, అక్కడా అలాగే బిగిస్తాను. మధ్యలో ఆరడుగుల బద్దను ముట్టుకోను. అది తనంతట తానే ఒకవైపు వంగి, నడుమకు వచ్చాక రెండోవైపు తిరుగుతుంది. దాని వెంట పెన్సిల్ నడిపించడమే.

భారతి ఆ వంపు మీద నాలుగు చోట్ల ఎత్తు కొలుచుకుని వెళ్ళింది. మూడో రోజు ఒక కాగితం తెచ్చింది. పైన తెలుగులో ఇలా రాసి ఉంది: ఈ గీతకు రెండు మూలలు ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. పడవ వంపులో మూల ఉంటే అల అక్కడే కొడుతుంది, పలక అక్కడే చీలుతుంది. పడవ మేస్త్రికి అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"ఎక్కడుందమ్మా మూల? వేలు పెట్టి చూపించు. చూపించలేకపోతే నీ పడవ ఇంకో చోట కట్టించుకో."

ఆమె కాగితం తీసుకుని రెండుసార్లు చదువుకుంది. "గల్తీ నాదే తాతా. హిందీ మీడియం గదా, దీర్ఘం ఎగిరిపోనాది. మూలలు కాదు, మూలాలు."

"నీ దీర్ఘం సంగతేమో గానీ నా పరువు ఎగిరిపోయేది."

"కోనా, అదే మూల, ఎక్కడా లేదు తాతా. ఇలాంటి గీతకి కోనా ఉండదు, మధ్యలో తెగడం కూడా ఉండదు. దాని గుణమే అది."

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. నా బద్ద గీసింది ఘన బహుపది అట. అలాంటిదాన్ని పట్టుకోవడానికి నాలుగు కొలతలు చాలట. మొదలు నుంచి దూరం అడుగుల్లో తీసుకోవాలి. దాని వర్గంలోంచి, దాని ఘనంలో తొమ్మిదో వంతు తీసెయ్యాలి. వచ్చేది అంగుళాల్లో ఎత్తు. మూడడుగుల దగ్గర తొమ్మిదిలోంచి మూడు పోతే ఆరు. ఎత్తు సున్నా అయ్యే చోటును మూలం అంటారు.

నేను నమ్మలేదు. ఆమె కొలవని చోటు చూసి, నాలుగున్నర అడుగుల దగ్గర ఎంతో చెప్పమన్నాను. లెక్క వేసి, పది అంగుళాల ఒక సూత్ అంది. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మోకాళ్ళ మీద కూర్చుని స్కేలు పెట్టాను. పది అంగుళాల ఒక సూత్. ఒకటిన్నర అడుగు దగ్గర అడిగాను. ఒక అంగుళం ఏడు సూత్‌లు అంది. అదీ అంతే. పెన్సిల్ గీత మందం కూడా తేడా లేదు.

"మరి ఆ రెండు మూలాలూ ఎక్కడ?"

"ఒకటి సున్నా దగ్గర. రెండోది తొమ్మిదడుగుల దగ్గర."

"నా గీత ఆరుకే అయిపోయింది గదా."

"నీ బద్ద అయిపోనాది తాతా. గీత అవలేదు."

సుద్దముక్క తీసుకుని నేల మీద ముందుకు గీసింది. ఆరు దగ్గర శిఖరం ఎక్కిన వంపు నెమ్మదిగా దిగి, తొమ్మిది దగ్గర నేల గీతను దాటి కిందికి దూకింది. వెనక్కి వెళితే సున్నా దగ్గర నేల గీతను ఊరికే తాకి, దాటకుండా మళ్ళీ పైకి లేచింది. ఆ మూలం రెండుసార్లు లెక్కకు వస్తుంది కాబట్టి అలా తాకి తిరుగుతుందంది. ఒక కొస పైకి, ఒక కొస కిందికి, రెండూ ఎక్కడా ఆగవంది. సుద్ద షెడ్డు గోడకు తగిలి ఆగింది. నేను ఆ గోడనే చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళూ నా చేతిలో ఆడింది దానిలో ఆరడుగుల ముక్క.

ఆ లెక్క, కొలతల పట్టికతో సహా, అధికారి ముందు పెట్టింది. ఎవరు చేశారని అడిగితే, గీసింది మేస్త్రి, రాసింది నేను అందట. సంతకం పడింది. పడవ దిగిన రోజు వాళ్ళ నాన్న ఒక చుట్టు తిప్పి వచ్చి, ముక్కు నీళ్ళని కొట్టడం లేదు, చీల్చుకుని పోతున్నాది అని, ఇక ఆ పూటంతా ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆ అధికారి మీద కోపం నాకు పోలేదు, పోదు కూడా. కానీ ఆ పని నాకు ఒకటి నేర్పింది. వంపు నేనే తీస్తున్నానని నలభై ఏళ్ళు అనుకున్నాను. మేకులు కొట్టడం వరకే నాది. ఆ మేకుల మధ్య బద్ద పోవడానికి ఉన్నది ఒకటే దారి. అది నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది.