బైండింగు బావ నాలుక

మా అక్క మొగుణ్ణి వీధి వీధంతా బైండింగు బావ అనే పిలుస్తుంది. వరసకు నాకొక్కదానికే బావ. మిగతావాళ్లకు ఎప్పుడెలా అయ్యాడో ఎవరూ చెప్పలేరు. ముందు గది కొట్టు, వెనక గది కాపురం, మధ్యన ఒక తెర. కొట్లో ఎప్పుడూ జిగురు వాసన. బల్లమీద పుస్తకాలను బిగించే ఇనప మర, గోడకు దారపు ఉండలు.

బావ పనితనమంతా నాలుక కొసనే ఉంది. పాత పుస్తకం వెన్నుమీది తోలు ఊడివస్తే ఆయన పారెయ్యడు. తడిగుడ్డలో చుట్టి, మెత్తబరిచి, కొత్త తోలు మీద మళ్లీ అతికిస్తాడు. తడి ఎక్కువైతే ముడతలు పడుతుంది, తక్కువైతే పెళుక్కున విరుగుతుంది. ఆ తేడా వేలికి అందదట. అందుకని తోలు ముక్కను నోటిదాకా తెచ్చి, నాలుక కొస తాకించి, కళ్లు మూసుకుని "ఇంకాసేపు" అనో "ఇప్పుడు" అనో తీర్పు చెప్తాడు. చూసేవాళ్లకు వికారమే గాని, ఆయనకది గురువు నేర్పిన విద్య.

ఆ మధ్య గ్రంథాలయం నుంచి లావుపాటి నిఘంటువొకటి వచ్చింది. వాడుక తప్పిన ఇంగ్లీషు మాటలూ, ఒకప్పుడు వాటిని ఎవరు ఎందుకు వాడారో చెప్పే కబుర్లూ ఉన్న బాగా పాత ప్రతి. ఇది కుదిరితే బీరువాలోని పాత పుస్తకాలన్నీ ఆయనకే ఇస్తానంది లైబ్రేరియనమ్మ. కుదరకపోతే అన్నీ ప్లాస్టిక్ అట్టలు వేసే మెషీను షాపుకు పోతాయి. ఆ షాపు వచ్చినప్పటినుంచీ బావ కొట్టుకు గిరాకీ లేదు. ఇదీ తప్పితే కొట్టు మూసెయ్యడమే.

అక్కను చూడ్డానికి వెళ్లిన నేను, కుట్టు పూర్తయిన ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

"ఊరికే తిరగెయ్యకపోతే పైకి చదువు మరదలా. ఇంత బరువు మోస్తున్నా, లోపలేముందో నాకూ తెలియాలిగా" అన్నాడు బావ.

"గాంగ్ ఫార్మర్ అంటే మరుగుదొడ్డి గుంటలోకి దిగి ఎత్తిపోసేవాడట బావా."

"ఛీ! భోజనాల వేళకు అదే దొరికిందా నీకు?"

ఆయన మొహం చిట్లించాడంటే నాకు హుషారు. ఇంకా రోత మాట కోసం పేజీలు తిప్పాను. దొరికింది.

"ప్యూర్ ఫైండర్. పేరు శుభ్రంగానే ఉంది చూడు. వీధుల్లో కుక్క పెంట ఏరుకుని బకెట్లలో అమ్ముకునేవాళ్లట. మొదట్లో చేతికి తొడుగు వేసుకునేవాళ్లట గాని, తొడుగు ఉతకడం కన్నా చెయ్యి కడుక్కోవడమే తేలికని మానేశారట."

"అబ్బ, ఆపవే! కొనేవాడికేం పొయ్యేకాలం?"

"పచ్చి తోళ్లు పదునుచేసేవాళ్లు కొనేవారట. నీళ్లలో కలిపి నానబెడితే తోలు మెత్తబడుతుందట. చేతి తొడుగుల తోలుకీ..." తలెత్తి చూసి ఆగిపోయాను. బావ చేతిలో ఆ నిఘంటువు వెన్నునుంచి ఊడిన తోలు ఉంది. నాలుక బయట ఉంది.

"ఊఁ, తొడుగులకీ?"

"పుస్తకాల అట్టలకీ."

బావ నాలుక లోపలికి పోలేదు. దాన్ని అలాగే బయట ఉంచుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. ఉప్పుతో తోమాడు, సబ్బుతో తోమాడు, సబ్బు మింగి దగ్గాడు. తెర వెనకనుంచి అక్క అంతా విననే విన్నది.

"ఇన్నేళ్లూ ఆ నాలుకతోనా నా వంటకు వంకలు పెట్టింది!"

"ఇప్పుడదా ముఖ్యం?"

"నాకదే ముఖ్యం. నీ గ్లాసు వేరే పెడుతున్నా."

ఆ పూట బావ అన్నం ముట్టలేదు. మర్నాడు పని మొదలెట్టాడు గాని, నాలుక సాయం లేకుండా. అలాంటి తోలువే పనికిరాని ముక్కలు కొన్ని తీసి, చెంపకు ఆనించి చూశాడు, మోచేతికి ఆనించి చూశాడు. ఒకటి ఉబ్బింది. ఒకటి విరిగింది. ఇంకోటి అతికించిన కాసేపటికి చుట్టుకుపోయింది. నిఘంటువు వెన్ను ఒక్కటే. చెడితే మరొకటి లేదు.

"పోనీ నేను చూడనా?" అంది అక్క. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే అంది గాని, నిజంగానే అంది.

బావ తోలును తన వైపుకు లాక్కున్నాడు. "నీకేం తెలుస్తుంది తడి? వెళ్లండి, ఇద్దరూ వెళ్లండి లోపలికి."

తెర సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను. బావ గోడ వైపు తిరిగాడు. తోలు పట్టుకున్న చెయ్యి నోటిదాకా లేచింది. డోకొచ్చిన చప్పుడు. తర్వాత ఏడుపు గొంతుతో, "ఇంకాసేపు" అన్నాడు. అంటే మళ్లీ పెట్టాలి. మళ్లీ పెట్టాడు. "ఇప్పుడు."

పుస్తకం ఇవ్వడానికి తోడు నేనే వెళ్లాను. అతుకు ఎక్కడుందో వెతికి వెతికి లైబ్రేరియనమ్మ ఓడిపోయింది.

"ఇంత చక్కగా ఎలా అతికించారండీ?"

బావ నేలచూపులు చూశాడు. "అనుభవమండీ."

నేను పమిట నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ బీరువా తెరిచి మొదటి కట్ట తీసి ఇచ్చింది.

దారి పొడుగునా బావ ఆ కట్టను ఒంటికి తగలకుండా, బట్టలు తడుపుకున్న పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని నడిచాడు. కొట్టు నిలబడ్డ సంతోషం నడకలో తెలుస్తూనే ఉంది. పై పుస్తకం పేరు చూద్దామని నేను మెడ వంచగానే ఠక్కున ఆగాడు.

"చూడు మరదలా, పుస్తకం బయటి సంగతి నాది. లోపలేముందో నాకొక్క ముక్క చెప్పావంటే, నువ్వూ మీ అక్కా కలిసి అతికించుకోండి."