తోడి ముగిసేలోగా

ఆ ముహూర్తాల వారంలో నాకు ఒకటే పంతం. ఎక్కడో ఒకచోట తోడి రాగాన్ని మొదటి నుంచి చివరిదాకా వాయించాలి. నాదస్వరం పట్టి ఇరవై ఏళ్లు దాటింది. పెళ్లిళ్లలో నా తోడి ఎప్పుడూ సగంలోనే చచ్చేది.

మదనపల్లెలో టమోటా లారీల మధ్య ఇరుక్కుని, ఎలాగో మండపం చేరాం. రాగం ఎత్తుకున్నానో లేదో వీడియో తీసే అతను పరుగెత్తుకొచ్చాడు. "అప్పా, రొంత నిలుపు. వచ్చినోళ్ల పేర్లు మైకులో సెప్పాల." ఆ పేర్లు అయ్యేసరికి పంతులుగారు వేలెత్తారు. ఆ వేలు లేచిందంటే ఏం వాయిస్తున్నా తెంపేసి గట్టిమేళం అందుకోవాలి. తాళి కట్టే క్షణాన చెడ్డ మాట గానీ తుమ్ము గానీ ఎవరి చెవినా పడకూడదు కదా. తెంపేశాను.

పుంగనూరులో ఇంకా ఘోరం. పెళ్లికూతురు నడిచొచ్చేటప్పుడు స్పీకర్లలో సినిమా పాట పెట్టారు. "మీరు ఊదబాకండి. ఊదినట్ల పట్టుకోండి సాలు, వీడియోలో బాగుంటాది" అన్నాడు ఆమె మేనమామ. బుగ్గలు ఉబ్బించి నిలబడ్డాను. డోలు వాయించే మా బావమరిది నవ్వు ఆపుకోలేక, "బావా, ఇంత బాగా నువ్వెప్పుడూ వాయించలే" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. తిరుగు బస్సులో అతన్ని వదిలి వెనక సీట్లో కూర్చున్నాను.

కుప్పంలో పొద్దున్నే కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. మైకు లేదు, స్పీకరు లేదు. పెళ్లికూతురి తల్లి నా దగ్గరికొచ్చి, "ఇంక నువ్వే దిక్కప్పా, వాయించు" అంది.

ఇన్నాళ్లకు! కళ్లు మూసుకుని తోడి అందుకున్నాను. మాటలు సద్దుమణిగాయి. రాగం పైకి చేరడానికి ఇంకొక్క మెట్టు ఉందనగా బావమరిది మోచేత్తో పొడిచాడు. కళ్లు తెరిచాను. పంతులుగారి వేలు లేచి ఉంది.

చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. ప్రతిచోటా నేనే ఎందుకు తెంపుకోవాలి అనిపించింది. ఆ మెట్టు ఎక్కాకే ఆపుదామని ఊపిరి కోసం ఆగాను. గట్టిమేళం నేను మొదలుపెడితేగానీ డోలు మోగదు. బావమరిది కర్ర ఎత్తి నావైపే చూస్తున్నాడు. పెళ్లికొడుకు చేతులు అప్పటికే ఆ అమ్మాయి మెడ వెనక ముడి వేస్తున్నాయి.

ఆ నిశ్శబ్దంలో ఎవరో తుమ్మారు.

మండపమంతా విన్నది. పెళ్లికూతురు తలెత్తి తల్లి వైపు చూసింది. తర్వాత మేం ఎంత గట్టిగా వాయించినా ఎవరికీ పట్టలేదు.

తాంబూలం ఇవ్వడానికి ఆ తల్లే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"శానా బాగా వాయించినావప్పా" అంది. "కానీ నిన్ను పిలిపించుకునింది ఆ ఒక్క నిమిషానికే గదప్పా."

ఇప్పుడు పెళ్లిళ్లలో కళ్లు మూసుకోను. పంతులుగారి చేతినే చూస్తూ వాయిస్తాను. తోడి మాత్రం ఎత్తుకోను.