మూడో వాటా

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మాది జూలూరుపాడు దగ్గర ఊరు. మా పత్తి చేనుకు శ్మశానం పక్కనుంచే దారి. చిన్నప్పటి నుంచి ఆ దారిన ఒంటరిగా నడిచాను, ఏనాడూ భయపడలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ అని నేను అనను. మరేమనాలో తెలియకే రాస్తున్నాను.

అప్పట్లో మణుగూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. స్వరూప అక్కడే ఒక దవాఖానాలో నర్సు. ఇద్దరం కలిసి చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాం. రెండు గదులు, వంటిల్లు, వాకిట్లో నల్లా. వెనక గోడ దాటితే అడవే. ఇంటాయన ఖాజా భాయ్ టైలర్. ఆయనా, భార్యా పక్కింట్లోనే ఉండేవారు. ఆమెను చాచీ అని పిలిచేవాళ్లం. అడ్వాన్స్ ఇద్దరం చెరిసగం వేసుకుని కట్టాం.

స్వరూపకు ఎక్కువగా నైట్ డ్యూటీలు. నేను బడి నుంచి వచ్చే వేళకు ఆమె బయల్దేరేది. ఆమె తిరిగొచ్చే వేళకు నేను వెళ్లిపోయేదాన్ని. ఆదివారాలు తప్ప కలిసి అన్నం తిన్నది తక్కువ. అయినా మా మధ్య ఏ పట్టింపూ రాలేదు. బియ్యం తొందరగా అయిపోతుంటే, పాపం రాత్రంతా నిలబడి పనిచేసే పిల్ల, తింటుందిలే అనుకునేదాన్ని. ఆమె కూడా నా గురించి అలాగే అనుకునేదట. ఆ మాట ఇల్లు ఖాళీ చేసే రోజున గాని బయటికి రాలేదు.

రెండేళ్లకు స్వరూపకు భద్రాచలంలో, నాకు ఖమ్మంలో ఉద్యోగాలు కుదిరాయి. ఒక ఆదివారం పొద్దున సామాన్లు పంచుకోవడానికి కూర్చున్నాం. వానాకాలం. అప్పుడే తెరిపిచ్చింది.

పొయ్యి ఆమెకు, కుక్కర్ నాకు. కూలర్ దగ్గర నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని కాసేపు నవ్వుకున్నాం. చివరికి గది మధ్యలో కొన్ని మిగిలాయి. ఒక స్టీలు కంచం, ఆకుపచ్చ దుప్పటి, కొయ్య దువ్వెన, చేతి అద్దం. నీవి తీసుకోమంది స్వరూప. నావి కావన్నాను. రెండేళ్లుగా అవి ఆమెవనే అనుకున్నాను. ఆమె నావనుకుంది.

స్వరూప మొదట నమ్మలేదు. లేచి గడప దగ్గర్నుంచి ఒక చెప్పుల జత తెచ్చింది.

“మరి ఇవి?”

రోజూ నా చెప్పుల పక్కన ఉండేవే. తొడిగి చూశాను, పెద్దవి. ఆమెకు మరీ పెద్దవి. అడుగున ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది. ఆమె డ్యూటీలు ముందురోజే అయిపోయాయి. ఆ పొద్దున మేమిద్దరం గడప దాటలేదు.

స్వరూప ముఖం మారిపోయింది.

“నేను డ్యూటీకి పోయినంక ఎవరిని తెచ్చి పెట్టుకున్నవ్? చెప్తే నేనేమన్న అంటుంటినా?”

సరిగ్గా అదే మాట నేను ఆమెను అడగబోతున్నాను. ఒట్లు పెట్టుకున్నాం. తాళంచెవులు రెండే, రెండూ మా దగ్గరే ఉన్నాయి. స్వరూప వాళ్ల చెల్లెలు ఒకసారి వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లింది గాని, ఆ పిల్ల స్వరూప కంటే పొట్టి.

ఇంతలో చాచీ చాయ్ తెచ్చింది. పళ్లెంలో మూడు కప్పులున్నాయి. చాచీ అప్పుడే తాగి వచ్చానంది. ఇల్లంతా కలయజూసి, “పొడుగుపిల్ల ఏది?” అంది.

ఎవరని అడిగాను.

“మీరు ముగ్గురు గద బేటా.”

హాస్యమాడుతోందనుకున్నాం. కాదు. తెల్లారకముందే నల్లా దగ్గర బిందె నింపేదట. పలకరిస్తే, లోపల వీళ్లు పండుకున్నరు చాచీ, అని మెల్లగా చెప్పేదట. మధ్యాహ్నాలు చాచీ పక్కన కూర్చుని, ఖాజా భాయ్ కుట్టిన జాకెట్లకు హుక్కులు కుట్టి పెట్టేదట. ఇవన్నీ మాకు తెలిసిన సంగతులే అన్నట్టుగా చెప్పింది.

ఖాజా భాయ్ అడ్వాన్స్ డబ్బు మూడు వాటాలు చేసి తెచ్చాడు. రెండు మా చేతుల్లో పెట్టి మూడోది జేబులో వేసుకున్నాడు. డబ్బు కట్టింది మేమిద్దరమే అని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

“కట్టింది మీరిద్దరే గావచ్చు. ఉన్నది ముగ్గురు గద. ఆ పిల్ల లేంది మొత్తం మీకిస్తే రేపు నాకు మాటొస్తది.”

డబ్బుకు ఆశపడే మనిషి కాదాయన. మిగిలిన గుడ్డపేలిక కూడా మడిచి తిరిగిచ్చేవాడు. అందుకే గట్టిగా పోట్లాడలేకపోయాను. ఇంట్లో మూడో మనిషి లేదని ఎవరిని పిలిచి, ఏం చూపించి నమ్మించాలి?

చాచీ ఆ కంచాన్నీ, మిగతావాటినీ ఆకుపచ్చ దుప్పట్లో మూటగట్టి వాళ్లింట్లో పెట్టుకుంది. స్వరూప నాతో మాట్లాడకుండానే ఆటో ఎక్కింది. నేను అబద్ధం చెబుతున్నానని ఆమె ఈ రోజుకీ నమ్ముతోంది. నాకు కూడా ఆమె మీద అనుమానం పూర్తిగా పోయిందని చెప్పలేను. రెండేళ్ల స్నేహం ఒక్క పూటలో పోయింది.

ఖమ్మంలో ఒంటరిగా గది తీసుకున్నాను. కొన్నాళ్లకు ఒక సాయంత్రం చాచీ ఫోన్ చేసింది. సంతోషంగా ఉంది. పొడుగుపిల్ల వచ్చి మూటా, తన వాటా డబ్బూ తీసుకుందట. చాయ్ తాగి, మమ్మల్ని గుర్తు చేసుకుని, మా అడ్రసులు అడిగిందట.

“స్వరూపది నాకు తెల్వది బేటా. నీది రాసిచ్చినవ్ గద, అదిచ్చిన.”

ఆమె పేరేమిటి చాచీ, అన్నాను.

చాచీ నవ్వింది. “మీతోటి ఉన్న పిల్ల పేరు నన్నడుగుతవేంది?”

వెంటనే స్వరూపకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తదు. పోలీసులకు చెబుదామంటే ఏమని చెప్పాలి? నా గదికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. కనీసం నాకు కనబడలేదు. ఇల్లు మారదామని ఒకసారి అనుకున్నాను. ఈ ఇంటివాళ్లను, ఇక్కడ ఎంతమందిమి ఉంటున్నామో ముందు అడగాలి. ఆ ఒక్క మాట అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.